కస్టమ్ రోమ్ ఒక్కటే ఇస్తే చాలదు, మానిఫెస్ట్ కూడా ఇవ్వండి

నా పాత ఫోన్‌కి కంపెనీ అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి. దానికి కస్టమ్ రోమ్ చేసే డెవలపర్ కూడా కొత్త ఫోన్ కొనుక్కుని తప్పుకున్నాడు. సోర్స్ అంతా గిట్‌హబ్‌లో ఉందిగా, నేనే బిల్డ్ చేసుకుందాం అని కూర్చున్నా. రెండు వీకెండ్లు పోయాయి. కోడింగ్ రాక కాదు, ఏ రిపాజిటరీలో ఏ బ్రాంచ్ తీసుకోవాలో తెలియక!

ఆండ్రాయిడ్ సోర్స్ అంటే ఒక రిపాజిటరీ కాదు, వందల కొద్దీ గిట్ రిపాజిటరీలు. గూగుల్ తయారు చేసిన 'రెపో' అనే టూల్ ఒక ఎక్స్ఎంఎల్ మానిఫెస్ట్ చదివి, ఏది ఏ ఫోల్డర్‌లో ఉండాలో చూసి, అన్నింటినీ ఒకేచోట పేర్చి పెడుతుంది. మన ఫోన్‌కి కావాల్సిన డివైస్ ట్రీ, కెర్నల్, వెండార్ ఫైల్స్ మామూలుగా అందులో ఉండవు. వాటి కోసం 'లోకల్ మానిఫెస్ట్స్' ఫోల్డర్‌లో ఇంకో చిన్న ఎక్స్ఎంఎల్ పెట్టుకోవాలి.

చాలామంది ఆ చిన్న ఫైలే ఇవ్వరు. మూడు లింకులు పడేసి క్లోన్ చేసుకోమంటారు. ఇచ్చినవాళ్లు కూడా బ్రాంచ్ పేరు రాసి వదిలేస్తారు. బ్రాంచ్ ఒకచోట ఆగదు కదా! నేను తీసుకున్న డివైస్ ట్రీ కొత్తది, వెండార్ ఫైల్స్ పాతవి. బిల్డ్ ఏ ఎర్రర్ లేకుండా పూర్తయింది, ఫోన్ మాత్రం బూట్‌లూప్‌లో పడింది.

గిట్ సబ్‌మాడ్యూల్స్‌లో అయితే ప్రతి ఫోల్డర్ ఒక కచ్చితమైన కమిట్‌కి కట్టేసి ఉంటుంది. రెపోలోనూ ఇది కుదురుతుంది. 'రెపో మానిఫెస్ట్' కమాండ్‌కి 'మైనస్ ఆర్' ఆప్షన్ ఇస్తే, ఆ క్షణంలో మీ దగ్గరున్న ప్రతి రిపాజిటరీ కమిట్ హ్యాష్‌తో సహా ఫైల్ రాసిచ్చేస్తుంది. అయితే కమిట్ చేయని మార్పులు అందులోకి రావు. కమిట్ చేసినవి కూడా పుష్ చేసి ఉండాలి, లేదంటే ఆ హ్యాష్ మీ మెషీన్‌లో తప్ప ఎక్కడా దొరకదు.

"ఇలా పిన్ చేస్తే కొత్త సెక్యూరిటీ ప్యాచ్‌లు ఎలా వస్తాయి?" అని అడగొచ్చు. రోజువారీ పని బ్రాంచ్‌ల మీదే చేసుకోండి. రిలీజ్ చేసిన రోజు మాత్రం పిన్ చేసిన మానిఫెస్ట్‌ని జిప్ పక్కన పెట్టండి. తర్వాత వచ్చేవాళ్లు ముందు మీ బిల్డ్‌ని అలాగే తయారు చేసుకుని, అది పనిచేశాక ప్యాచ్‌లు కలుపుకుంటారు.

ఫ్రీగా రోమ్ ఇస్తున్నవాళ్లని ఇంకా అడగడం మొహమాటంగానే ఉంది. కానీ ఇది ఒక్క కమాండ్ పని. మీరు రేపు మానేసినా, మా ఫోన్ ఇంకో రెండేళ్లు నడుస్తుంది.