మళ్లీ డిస్కు జారితే స్క్రూలేనా?

హైదరాబాదులో విద్యానగర్ నుంచి తార్నాక దాకా ఏ ఆసుపత్రి వరండాలో కాసేపు కూర్చున్నా ఒక తీర్పు చెవిన పడుతుంది: "ఆపరేషనయ్యాక కూడా డిస్కు మళ్లీ జారిందా? ఇక స్క్రూలు వేయించేసుకో, పీడా వదులుతుంది." పక్కింటాయన అంటే సరే, అప్పుడప్పుడు తెల్లకోటు వేసుకున్నవాళ్లూ ఇదే మాట అంటున్నారు. ఈ తీర్పులో తొందరే తప్ప విచారణ లేదు.

డిస్కు ముక్క నరాన్ని నొక్కితే కాలు లాగుతుందని, దాన్ని తీసేస్తే తగ్గుతుందని 1934లోనే మిక్స్‌టర్, బార్ అనే అమెరికన్ డాక్టర్లు చూపించారు. నేటి మైక్రో డిస్కెక్టమీ చేసేదీ అదే. జారిన ముక్క తీస్తారు, మిగతా డిస్కు ఉంచేస్తారు. దాని చుట్టూ ఉండే గట్టి పొరలో పడ్డ చిల్లి పూర్తిగా పూడకపోతే అందులోంచి ఇంకో ముక్క బయటికి రావచ్చు. నూటికి 5 నుంచి 15 మందికి ఇలా జరుగుతుంది. అంతమాత్రాన వెన్ను పట్టు తప్పిందని కాదు. స్క్రూలు, రాడ్లతో ఎముకలను అతికించే ఫ్యూజన్ పని ఆ చోట కదలిక ఆపడం. తలుపు గడియ రెండుసార్లు ఊడిందని గుమ్మానికి గోడ కట్టేస్తామా?

ఫ్యూజన్ పక్షం వాదనలో నిజం లేకపోలేదు. డిస్కు మొత్తం తీసేస్తే అక్కడ మళ్లీ జారేదేమీ ఉండదు. పాత కోత దగ్గర మచ్చ కట్టి ఉంటుంది గనక రెండోసారి నరాల పొర చిరిగే ప్రమాదమూ ఎక్కువే. అయితే వెనకనుంచి స్క్రూలు వేసినా, నరం మీది ముక్క తీయాలంటే చాలావరకు ఆ మచ్చ దగ్గరికి వెళ్లక తప్పదు. పైగా ఆ చోట ఆగిన కదలిక భారం పై కీలు మీద, కింది కీలు మీద పడుతుంది. ఖర్చు పెరుగుతుంది. ఎముకలు అతుక్కోవడానికి నెలలు పడుతుంది. తార్నాక ఆర్టీసీ ఆసుపత్రికి నడుం పట్టుకుని వచ్చే బస్సు డ్రైవరుకు ఆ నెలలు చిన్నవి కావు. ఇంతా చేసి, కాలి నొప్పి తగ్గడంలో ముక్క మాత్రం మళ్లీ తీయడానికీ ఫ్యూజన్‌కూ మధ్య చాలా అధ్యయనాల్లో పెద్ద తేడా కనబడలేదు.

అసలు డిస్కు మళ్లీ జారిందో లేదో ముందు తేలాలి. గాడోలీనియం మందు ఎక్కించి ఎమ్మారై తీస్తే, రక్తనాళాలున్న మచ్చ మెరుస్తుంది. రక్తం అందని డిస్కు ముక్క నల్లగానే ఉండి, దాని అంచు మాత్రం సన్నగా తెల్లబడుతుంది. ఆ నొక్కుడు మచ్చదే అయితే మళ్లీ కత్తి పెట్టినా ఫలితం అంతంతమాత్రం. నిజంగా ముక్కే అయినా, చాలామందికి మందులతో, ఫిజియోథెరపీతో వారాల్లో సర్దుకుంటుంది. మూత్రం మీద అదుపు తప్పినా, మలద్వారం చుట్టూ మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా మాత్రం ఆగకూడదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

స్క్రూలకూ చోటుంది. ఎముక ముందుకు జారినప్పుడు, తొలి ఆపరేషన్లో కీలు ఎక్కువగా తీసేసినప్పుడు, కాలి నొప్పికన్నా నడుం నొప్పే వేధిస్తున్నప్పుడు, మూడోసారీ జారినప్పుడు ఆ మాట ఎత్తొచ్చు. మిగతావాళ్లకు, మందులతో తగ్గకపోతే, ముందు దారి మళ్లీ మైక్రో డిస్కెక్టమీయే.

కాబట్టి సంతకం పెట్టేముందు డాక్టరుగారిని ఒక్కటడగండి: "నేను ముందుకు వంగినప్పుడు, వెనక్కి వాలినప్పుడు తీసిన ఎక్స్‌రేల్లో ఏ ఎముక ఎంత కదిలింది?" చూపించగలిగితే స్క్రూల గురించి మాట్లాడుకోవచ్చు. ఆ ఎక్స్‌రేలే తీయించకుండా ఆపరేషన్ తేదీ ఇచ్చారంటే, ఫైలు పట్టుకుని ఇంకో సర్జను దగ్గరికి వెళ్లండి.