ఇంటికొక వెల్డింగు యంత్రమా, ఊరికొకటియా?

మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము సీమలలో మెట్టసేద్యమంతయు పదనుమీద నాధారపడి యున్నది. ఎఱ్ఱనేలలు త్వరగా ఆఱిపోవును. వాన కురిసిన నాలుగైదు దినములలో విత్తనము పడనిచో మరల మేఘమువైపు చూడవలసినదే. సరిగా ఆ దినములలోనే గొర్రుపన్ను ఊడును, గుంటక విఱుగును, ట్రాక్టరు వెనుక తగిలించు ఇనుప చట్టమునకు పగులు వచ్చును. ఏడాది పొడుగున మూలబడి తుప్పుపట్టిన సామాను పని తగిలిననాడే విఱుగుట సహజము. అంతట దానిని బండిమీద వేసికొని పట్టణమునకు పోవలెను. అచ్చటి వెల్డింగు అంగడియొద్ద మనవంటివారు పదిమంది అంతకుముందే చేరి యుందురు. అతుకునకు ఇచ్చు కూలి స్వల్పమే. పోయిన దినము విలువ స్వల్పము గాదు.

ఈ కారణముచేతనే గ్రామములలో యువకులు పలువురు ఇంటియొద్దనే యొక చిన్న వెల్డింగు యంత్రమును ఉంచుకొనవలెనని తలంచుచున్నారు. పట్టుపురుగుల గదిలో ఇనుప అరలు, మేకల దొడ్డికి తలుపు, గడ్డితొట్టికి చట్టము, ఇట్టివి తామే చేసికొనవచ్చునను ఉత్సాహము కూడ వారికి కలదు. ఈ ఉత్సాహము మెచ్చదగినదే. కాని కొనుటలో జరుగుచున్న తొందర మెచ్చదగినది కాదు. ఫోనులో బొమ్మను చూచి, పెట్టెపై అచ్చువేసిన పెద్ద అంకెను నమ్మి, ఐదాఱు వేలు పోసి తెప్పించి, రెండు నెలలలో అటకమీద వేయుచున్నవారున్నారు. కరవు సీమలో ఐదు వేలనగా రెండు మూటల విత్తనమో, ఒక ఋతువు ఎరువో అగును. కావున ఎట్టి యంత్రము కొనవలెను, ఎవరు కొనవలెను అను రెండు ప్రశ్నలను కలిపియే విచారింపవలసి యున్నది.

వెల్డింగులో పెక్కు పద్ధతులు కలవు. గ్యాసు సిలిండర్లతో చేయునది ఇంటికి తగదు. తీగచుట్టతోను, కార్బను డయాక్సైడు గ్యాసుతోను అతుకు యంత్రము పలుచని రేకునకు మేలైనదే గాని, అతుకును కప్పి కాపాడవలసిన గ్యాసు ఆరుబయట గాలికి ఎగిరిపోవును. రామగిరి కొండలమీద గాలిమరలు తిరుగుచున్న సీమలో ఆ మాట వేఱుగ చెప్పనక్కఱలేదు. పెనుకొండ దాపున ఎఱ్ఱమంచియొద్ద 2019లో ఉత్పత్తి మొదలిడిన కియా కర్మాగారమున కార్ల చట్రములను మరచేతులే అతుకుచున్నవి. అంతటి విద్య మన పొలముల ప్రక్కనే యున్నను, విఱిగిన గుంటకకు అది యక్కఱకు రాదు. రైతునకు తగినది పూత రాడ్డును కాల్చి అతుకు మామూలు ఆర్కు వెల్డింగే. పూత రాడ్డును కనిపెట్టినవాడు స్వీడను దేశస్థుడగు ఆస్కార్ షెల్‌బర్గు. ఆతడు 1904లో స్థాపించిన ఈసాబ్ సంస్థ నేటికిని ఉన్నది. ఆవిరి బాయిలర్లను, ఓడలను బాగుచేయుటలో ఒట్టి ఇనుపతీగతో వేసిన అతుకులు నిలువకపోవుటచేత ఆతడు తీగకు పూత పూసెను. ఆ పూత కాలి వచ్చు పొగయు, చిట్టెమును కరిగిన లోహమును గాలి తగులకుండ కప్పును. గ్యాసు లేకయే పొలములో పని చేయగల్గుట దానివలననే.

ఆర్కు యంత్రములు రెండు విధములు. పాత ట్రాన్సుఫార్మరు యంత్రము మొండిది, చిరకాలము మన్నును. కాని ఇద్దరు మోయలేని బరువు, కరెంటు ఎక్కువగా లాగును, అందు పెక్కింటికి రెండు ఫేజులు కావలెను. క్రొత్త ఇన్వర్టరు యంత్రము ఐదాఱు కిలోల బరువు మాత్రముండి ఇంటి 230 వోల్టులతో నడచును. ఇంటికి ఇదియే కొనదగినదని నా యభిప్రాయము. దుమ్ము దీనికి శత్రువు. బల్లులు, చీమలు దూరినను చెడును. పని ముగిసి యంత్రము చల్లాఱిన పిదప మూటగట్టి ఉంచవలెను.

ఇక పెట్టెపై అంకెల మాట. 400 అని వ్రాసియుండుటచే అది 400 ఆంపియర్లు ఇచ్చునని యనుకొనరాదు. కొన్నిటియందు ఆ అంకె పేరులోనిదే గాని బలము కాదు. మన పనికి అంతబలమును వలయదు. రెండు మూడు మిల్లీమీటర్ల గొట్టమునకు, పట్టీకి అంగళ్లలో పన్నెండు నంబరు అను 2.5 మి.మీ. రాడ్డు చాలును, దానికి 60 మొదలు 90 ఆంపియర్లు. గుంటక చట్టము వంటి మందపు ఇనుమునకు పది నంబరు, అనగా 3.15 మి.మీ. రాడ్డు వలయును, దానికి 90 మొదలు 130 వఱకు. అంతకు మించిన రాడ్డును ఇంట కాల్చు నవసరము రాదు. కావున 200 ఆంపియర్ల తరగతి యంత్రమే సమృద్ధి. అడుగవలసినది వేఱొకటి కలదు: పది నిమిషములలో ఎన్ని నిమిషములు ఆపక పనిచేయును? దీనిని డ్యూటీ సైకిలందురు. 60 శాతమనగా ఆఱు నిమిషములు పని, నాలుగు నిమిషములు విశ్రాంతి. ఆ శాతము ఏ ఆంపియరునొద్ద చెప్పబడినదో కూడ అడుగవలెను. జవాబు చెప్పలేని వర్తకునియొద్ద కొనరాదు. అంగడిలోనే పది నంబరు రాడ్లు నాలుగు వరుసగా కాల్పించి చూచినచో పెట్టెపై వ్రాతకంటె ఎక్కువ తెలియును. చెడినపుడు బాగుచేయువాడు హిందూపురములోనో ధర్మవరములోనో కలడా యనునది వెలకంటె ముందు విచారింపదగినది.

యంత్రముకంటె ముఖ్యమైనది కరెంటు. చాలమంది దీనిని తలంపరు. వోల్టేజిని తగ్గించి కరెంటును పెంచుటయే ఈ యంత్రము పని. 80 ఆంపియర్లతో చిన్న రాడ్డును కాల్చునపుడు ఇంటి తీగలనుండి అది సుమారు 14, 15 ఆంపియర్లు లాగును. 120 ఆంపియర్లతో పది నంబరు రాడ్డును కాల్చునపుడు 22, 23 లాగును. ఇంటిలోని పెద్ద సాకెట్టు 16 ఆంపియర్లకు చేసినది. అనగా చిన్న రాడ్డునకు అది సరిపోవును, పెద్దదానికి చాలదు. మీటరునుండి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, 32 ఆంపియర్ల ఎం.సి.బి., మంచి ఎర్తు అమర్చనిదే పెద్ద రాడ్డు జోలికి పోరాదు. సన్నని పొడుగుతీగను చుట్టగానే ఉంచి తగిలించినచో ఆ చుట్టయే కాలిపోవును. బిల్లుపై వ్రాసియుండు మంజూరు లోడు ఒక కిలోవాటో రెండో యైనచో, దానిని పెంచుటకు విద్యుత్ పంపిణీ సంస్థవారికి ముందే అర్జీ పెట్టుకొనవలెను. మన పల్లెలలో సాయంకాలము వోల్టేజి పడిపోవుట అందఱు ఎఱిగినదే గావున, 170 వోల్టులకు దిగినను పనిచేయు యంత్రమును కోరి తీసికొనవలెను.

బోరుబావి కనెక్షను చేతిలో నుండగా ఇదంతయు ఏల యని కొందఱు అడుగుచున్నారు. 2004 నుండి మనకు లభించుచున్న ఉచిత విద్యుత్తు నీరు తోడుటకే ఇచ్చినది. దానిని వెల్డింగునకు వాడుట 2003 విద్యుత్ చట్టము 126వ సెక్షను క్రింద అనధికార వినియోగమగును. అదియు గాక ఒక ఫేజు యంత్రమును రెండు ఫేజుల నడుమ తగిలించినచో 415 వోల్టులు పాఱి యంత్రము అక్కడికక్కడే కాలును. తడినేలమీద నిలిచి రాడ్డు మార్చుటయు ప్రాణాపాయకరము. రాడ్డు అంటని వేళ కూడ పిడియందు 60, 70 వోల్టులుండును.

కొనువారు యంత్రమునకే డబ్బంతయు పోసి కంటి కాపుదలకు చేయి ముడుచుకొనుట నాకు మిక్కిలి విచారము. ఎండకు పెట్టుకొను నల్లకద్దాలతో వెల్డింగు చేయువారిని ప్రతి పల్లెలోను చూడవచ్చును. ఆర్కు వెలుగులోని కంటికి కనబడని కిరణములు కంటి ముందరి పొరను కాల్చును. అప్పుడేమియు తెలియదు. ఆఱేడు గంటల తరువాత, నడిరేయి, కంటిలో ఇసుక పోసినట్లుండి నిదుర పట్టదు. ఉర్లగడ్డ ముక్కలు కట్టుట మాని కంటి వైద్యునియొద్దకు పోవలెను. పది లేక పదునొకండవ నంబరు అద్దము గల ముఖకవచము, తోలు చేతొడుగులు, నూలు బట్టలు, ఇవి లేని యంత్రము ఇంట నుండరాదు. వేడుక చూచుటకు చేరు పిల్లలను దూరముగ పంపవలెను. వారి కన్నులకు కవచము లేదు గదా.

అన్నిటిని అతుకవచ్చునను భ్రమయు కూడదు. పంపు దిమ్మ పోత ఇనుము. మామూలు రాడ్డు వేసినచో ప్రక్కనే మరల పగులును. గట్టి ఉక్కుతో చేసిన గొర్రుపండ్లు అతుకు వేసిన చోటి ప్రక్కన పెళుసెక్కి విఱుగును గావున, బోల్టుతో బిగించు మొనలను మార్చుట మేలు. జస్తాపూత గొట్టములను అతుకునపుడు వచ్చు తెల్లని పొగ పీల్చినవారికి ఆ రాత్రి చలిజ్వరము వచ్చును. పూతను గీకి, ఆరుబయట గాలికి ఎదురుగ కాక ప్రక్కగ నిలిచి చేయవలెను. డీజిలు డ్రమ్ము ఖాళీయైనను అతుకరాదు, అది పేలును. ట్రాక్టరునకే అతుకు వేయవలసినచో ముందు బ్యాటరీ తీగలు విప్పవలెను. ట్రైలరు కొక్కెము, ఇరుసు వంటి వానిని నేర్చిన పనివానికే విడువవలెను. అది ఊడినచో ముందు పోవువాడు మనవాడే కానక్కఱలేదు.

ఇంత చెప్పిన పిదప, ఇంటింట ఈ యంత్రము వలదని నేననుట వింత కాదు. ఏడాదికి పది దినములు వాడువాని చేయి కుదురదు, రాడ్లు వానకాలపు చెమ్మకు పాడగును. అట్లని సంఘము పెద్ద యంత్రము నొకదానిని కొని కార్యాలయమున ఉంచవలెనని కొందఱు సభ్యులు చేయు సూచనకును నేను సమ్మతింపను. గుమాస్తా వచ్చి తాళము తీయువఱకు కాచియుండుటకును, పట్టణపు అంగడియొద్ద కాచియుండుటకును భేదమేమి? ఆఱు కిలోల యంత్రము ఊరిలోనే యుండదగినది. సంఘము చేయదగిన పని వేఱు: ఐ.ఎస్. 814 ముద్ర గల రాడ్లను, ముఖకవచములను మొత్తముగ కొని సభ్యులకు సరసపు ధరకు ఇచ్చుట, ఊరికొక యువకుని పనివానియొద్ద కొన్ని వారములు నేర్పించుట.

పూర్వము ప్రతి గ్రామమునందు కొలిమి యుండెను. కమ్మరికి ఏటేట మేర కొలుచు ఏర్పాటు పెద్దలు ఎఱుగుదురు. ఎనిమిది పది కుటుంబములు చేరి పండ్రెండు వేలో పదిహేను వేలో కూర్చినచో మంచి యంత్రము, కవచములు, తీగ అమరిక అన్నియు వచ్చును. చేయి కుదిరిన యొక్కని యింటనే దానిని ఉంచవలెను. ఎరువు తెచ్చుకొన్నట్లు ఇల్లిల్లు తిప్పరాదు. ఆ యింటి మంజూరు లోడు పెంచుటకగు ఖర్చు అందఱును పంచుకొనవలెను. ఎవరి రాడ్లు వారివి. విత్తనపు దినములలో ఎవరి సామాను ముందు విఱిగిన వారిది ముందు. చేసినవానికి కూలి రొక్కముగ ఇచ్చుటకు వీలుకానివారు, వేరుశనగ కళ్లమున మేరగా కొలిచి తీర్చుకొనవచ్చును.