చెల్లని చెక్కు, చెల్లని హామీ

చెక్కు చెల్లకపోతే జైలన్న భయం వ్యాపారంలో నమ్మకాన్ని నిలబెడుతుందని పార్లమెంటు ఆశించింది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 1988లో 138వ సెక్షన్‌ను చేర్చింది అందుకే. శిక్షాకాలాన్ని 2002లో రెండేళ్లకు పెంచింది. విచారణను ఆరు నెలల్లో ముగించేందుకు ప్రయత్నించాలనీ చట్టంలో రాసింది.

ఆచరణలో గడువుల భారమంతా బాధితుడిపైనే. బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. చెల్లింపు కోసం 15 రోజులు ఆగాలి. ఆపై నెలలోగా ఫిర్యాదు చేయాలి. ఏది తప్పినా కేసు చిక్కుల్లో పడుతుంది. నిందితుడు మాత్రం సమన్లు అందకుండా తప్పించుకు తిరగవచ్చు, వాయిదాలు కోరవచ్చు. 2019 చివరికి పెండింగులో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో 35 లక్షలకు పైగా ఇవేనని సుప్రీంకోర్టే 2021లో ప్రస్తావించింది.

ఈ జాప్యం ఎగవేతదారుకు వడ్డీ లేని అప్పు. సరుకు అరువిచ్చిన చిన్న వర్తకుడేమో తన అప్పులకు వడ్డీ కడుతూ కోర్టు మెట్లెక్కుతుంటాడు. చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారం ఇప్పించే వీలును 2018 సవరణ కల్పించింది. అది కోర్టు విచక్షణే తప్ప తప్పనిసరి కాదని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి అసలు పరిష్కారం సత్వర విచారణే. దానికి కావలసినవి కొత్త శిక్షలు కావు. న్యాయాధికారులు, సిబ్బంది, నిధులు.

చాలినన్ని కోర్టులు ఇవ్వకుండా చట్టం చేయడం, ఖాతాలో సొమ్ము లేకుండా చెక్కు రాయడం వంటిదే.