ఏడు మిషిన్లు, ఒక షౌఖ్

మొన్న ఈద్‌కి మా ఇంటికొచ్చిన ఫుప్పూ షీర్ ఖుర్మా గిన్నె చేత్తో పట్టుకునే వెనక గదిలోకెళ్లింది. లైటేసి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“యా అల్లా! ఇది ఇల్లా, దర్జీ దుకాణమా? ఏడు మిషిన్లు ఏం చేసుకుంటావే? ఒకటుంచుకుని మిగతావి బేవాలకిస్తే సవాబన్నా వస్తుంది కదా!”

అప్పుడు నవ్వి ఊరుకున్నాను. పండగపూట పెద్దామెతో బహస్ ఎందుకని. కానీ ఆ మాట నాకు కొత్త కాదు. గల్లీలో అంటారు, నేను పాఠాలు చెప్పే స్కూల్లో స్టాఫ్‌రూమ్‌లో అంటారు. అందుకే జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ ఏడూ ఏంటో చెప్తాను. ఒకటి మా నానీమా చేతి మిషిన్, సింగర్. దాని బాబిన్ గుండ్రంగా ఉండదు, సన్నగా పొడుగ్గా ఉండి పడవలాంటి షటిల్లో కూర్చుంటుంది. స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ కార్ఖానాలో తయారైంది. 1885లో మొదలైన ఆ కార్ఖానా 1980లో మూతపడింది. కార్ఖానా పోయింది, మిషిన్ మాత్రం పిడుగురాళ్లలో ఇంకా టాకా వేస్తోంది. రెండోది అమ్మీ కాలు మిషిన్, ఉషా. కలకత్తా జయ్ ఇంజినీరింగ్ వాళ్లది. లాలా శ్రీరామ్ తన కూతురి పేరే మిషిన్‌కి పెట్టాడు. మూడోది పాత ఇనుము కొట్లో తూకానికి పోబోతుంటే ఆపి తెచ్చుకున్న మెరిట్. నాలుగోది గుంటూరులో ఒక దర్జీ దుకాణం ఎత్తేస్తుంటే కొన్న జర్మనీ ఫాఫ్. ఇక చీరలకి పికో మిషిన్, అంచులకి ఓవర్‌లాక్, చిన్న కరెంటు మిషిన్.

ఒకటి చేసే పని ఇంకొకటి చేయదు. మల్‌మల్ దుపట్టా నానీమా సింగర్ మీద కుట్టినట్టు ఫాఫ్ మీద రాదు. బరువైన జీన్స్ మడత సింగర్ మీద పెడితే సూయీ విరుగుతుంది. ఇదంతా చెప్తే ఫుప్పూ ఒప్పుకోవచ్చు. అయినా అసలు సంగతి అవసరం కాదు. నిజం చెప్తున్నా, నాకు షౌఖ్. తుప్పు పట్టి బిగుసుకుపోయిన మిషిన్‌ని విప్పి, కిరోసిన్‌తో కడిగి, నూనె వేసి, చక్రం మొదటిసారి తిరిగిన క్షణం ఉంటుంది చూశారా, దానికోసం.

మా ఊళ్లో ఆ పని తేలిక కాదు. సున్నపు బట్టీల ఊరు ఇది. తెల్లదుమ్ము కిటికీ సందుల్లోంచి వచ్చి మిషిన్ మీద పడుతుంది, నూనెతో కలిసి ముద్దవుతుంది. పైగా కొందరు కొబ్బరినూనె వేస్తారు, అది జిగురై పళ్లచక్రాల్ని పట్టేస్తుంది. ఇవన్నీ నాకు నేర్పింది బజార్లో రిపేరు చేసే ఒక చాచా. “బేటీ, మిషిన్ చెడిపోదు, దాన్ని వదిలేస్తే చెడిపోతుంది” అనేవాడు.

ఇప్పుడు అమ్మీ సంగతి. నా షౌఖ్ మీద ఫుప్పూకి కోపమైతే, అమ్మీకి బాధ.

అబ్బా పోయాక మా ఇల్లు ఆ ఉషా మిషిన్ మీదే నడిచింది. రంజాన్ నెలంతా అమ్మీ సెహ్రీ దాకా కుట్టేది. చాంద్ రాత్ నాడు గల్లీలో పిల్లలందరి కొత్త బట్టలూ మా ఇంట్లోంచే వెళ్లేవి. మా బట్టలకి మాత్రం నమాజ్ వేళకి గుండీలు పడేవి. నా ఇంటర్ ఫీజు కోసం ఆ మిషిన్నే తాకట్టు పెట్టింది. విడిపించేదాకా నానీమా చేతి మిషిన్ మీద, ఒక చేత్తో తిప్పుతూ ఇంకో చేత్తో గుడ్డ నడుపుతూ జాకెట్లు కుట్టింది. “నువ్వు మాత్రం దీని ముందు కూర్చోకూడదు” అనేది. నేను కూర్చోలేదు. చదివాను, టీచరునయ్యాను.

మరి ఆ టీచరు జీతం పెట్టి ఇప్పుడు మిషిన్లు కొంటోంది! వెనక గదిలో టక టక వినపడితే అమ్మీ ముందు గదిలో మంచం మీద అటు తిరిగి పడుకుంటుంది. “ఆ చప్పుడు వింటే నా నడుం నొప్పెడుతుంది” అంటుంది. తన మజ్బూరీని నేను ఆటబొమ్మ చేసుకున్నానని అమ్మీకి అనిపిస్తుందేమోనని చాలా రోజులు బెంగపడ్డాను.

ఆలోచిస్తే తేలిందేంటంటే, మిషిన్ మీద అమ్మీకీ లేదు నాకూ లేదు దుష్మనీ. తేడా అంతా మర్జీలో ఉంది. అమ్మీకి ఇష్టమా అని ఎవరూ అడగలేదు. నేను మాత్రం నా మర్జీతో కూర్చున్నాను. ఆ మర్జీ నాకు కొనిపెట్టింది అమ్మీ మెహనతే.

ఇక ఫుప్పూ చెప్పిన సవాబు దగ్గరికొస్తాను. గరీబు ముస్లిం ఔరత్ కనపడగానే అందరికీ ఒకటే గుర్తొస్తుంది, కుట్టు మిషిన్. దానం చేసే సేఠ్ మిషిన్ ఇస్తాడు, సంఘంవాళ్లు మిషిన్ ఇస్తారు, సర్కారూ దర్జీల దగ్గరికి వస్తుంది. 2020లో మొదలైన జగనన్న చేదోడులో సొంత దుకాణమున్న దర్జీలకి ఏడాదికి 10,000 రూపాయలిచ్చారు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 చేతివృత్తుల్లో దర్జీ పని ఒకటి, పనిముట్లకి 15,000 దాకా ఇస్తామన్నారు. ఇవి తప్పని నేననను. ఒక మిషిన్ ఇల్లు నిలబెడుతుందని నా ఇల్లే గవాహీ.

కానీ మిషిన్ ఇచ్చి, దండేసి, ఫోటో దిగి వెళ్లిపోయాక ఏమవుతుందో నేను చూస్తున్నాను. ఆ మిషిన్లు రిపేరుకని నా దగ్గరికొస్తాయి. కొన్నిటికి బెల్టు తెగి ఆర్నెల్లయి ఉంటుంది, వేయించడానికి డబ్బుల్లేవు. కొన్నిటి టెన్షన్ సరిచేయడం నేర్పినవాళ్లే లేరు. అన్నీ బాగున్నా, ఒకే గల్లీలో నలుగురికి నాలుగు మిషిన్లిస్తే జాకెట్లు ఎవరివి కుడతారు? రెడీమేడ్ దుకాణం ఎదురుగానే ఉందాయె. పికో, ఓవర్‌లాక్ లేకపోతే బేరం పక్క బజారుకి పోతుంది.

ఇంకో సవాల్. అబ్బాయి పది తప్పితే ఐటీఐ ఉంది, డ్రైవింగ్ ఉంది అంటారు. అమ్మాయి తప్పితే “కుట్టు నేర్పించండి” అంటారు. పనిచేసే ముస్లిం ఔరతుల్లో ఇంట్లోనే కూర్చుని పనిచేసేవాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువని 2006లో సచార్ కమిటీ రాసింది. ఆ ఇంటి పనిలోకి మేం ఇష్టపడి పోయామా, వేరే దర్వాజా తెరవక పోయామా?

యంత్రాల్ని అంతగా నమ్మని గాంధీ కూడా 1924లో సింగర్ మిషిన్‌ని మాత్రం మెచ్చుకున్నాడు. చేత్తో కుట్టే భార్య కష్టం చూడలేక ప్రేమతో దాన్ని చేశాడని ఆయన నమ్మాడు. మాట అందమైందే. సింగర్ మాత్రం అలాంటి భర్త కాదు. ఒకటికి మించి సంసారాలు, ఇరవైమందికి పైగా పిల్లలు, కళ్లన్నీ మార్కెట్ మీద. 1856లోనే ఆ కంపెనీ కిస్తీల మీద మిషిన్లు అమ్మడం మొదలుపెట్టింది. అంటే మిషిన్ చుట్టూ రహమ్ కథ అల్లడం పాత అలవాటే. ఔరత్ కష్టం తీరిందా లేదా అన్నది మిషిన్ చెప్పదు, ఆమెనే అడగాలి.

పావురాలు పెంచే చాచాని “అన్ని పావురాలెందుకు, ఎవరికన్నా పెట్టరాదా” అని ఎవరూ అనరు. రెండు బైకులున్న అబ్బాయినీ అనరు. షౌఖ్ మగవాళ్లకి, పైసలున్నవాళ్లకి. మనకి మజ్బూరీ మాత్రమే ఉండాలా?

అలాగని నన్ను నేను పూర్తిగా మాఫ్ చేసుకోను. సొంతానికి వాడుకునే సామానుకి జకాత్ లేదని మౌల్వీ సాబ్ చెప్పారు. దిల్ లెక్క వేరు. ఇంట్లో ఏడుంటే, నాలుగిళ్ల అవతల ఒకామె చేత్తో ఫాల్ కుట్టుకుంటుంటే నిద్ర పట్టదు. అందుకే ఒక షర్తు పెట్టుకున్నాను. నా దగ్గర ఏ మిషిన్ కూడా చూడ్డానికి ఉండదు, కుట్టడానికే ఉంటుంది. రంజాన్‌లో మూడు బయటికెళ్తాయి. అడిగినవాళ్లకి ఇచ్చే ముందు విప్పడం, నూనె వేయడం నేర్పి ఇస్తాను. కాలు మిషిన్ స్టాండ్ హోటల్లో టేబుల్‌కి కాళ్లుగా పెడతామని ఒకాయన మంచి ధర చెప్పాడు. ఇవ్వలేదు.

కాబట్టి ఫుప్పూ, నా జవాబు ఇది. బేవాకి మిషిన్ తప్పకుండా ఇద్దాం. ఇచ్చే ముందు “నీకేం కావాలమ్మా” అని అడుగుదాం. మిషిన్ అంటే మిషిన్, పిల్ల ఫీజు అంటే ఫీజు, కూరగాయల బండి అంటే బండి. మిషిన్ ఇస్తే బెల్టు తెగినప్పుడు కూడా వెళ్దాం.

పోయిన జుమ్మా రోజు స్కూలు నుంచి వచ్చేసరికి వెనక గదిలో చప్పుడు. అమ్మీ తన ఉషా ముందు కూర్చుని ఉంది. నా తుక్కు గుడ్డలన్నీ ఏరి, ముక్కకి ముక్క కలిపి దిండు గలీబు కుడుతోంది.

“ఎవరి ఆర్డర్ అమ్మీ?” అన్నాను.

“ఎవరిదీ కాదు. నాదే” అంది, తలెత్తకుండా.