మావాడి 55

మావాడు విడిభాగాలు కొనుక్కొచ్చి, హాల్లో చాప పరుచుకుని, కంప్యూటరు బిగించాడు. అందులో ప్రాసెసరు 2022లో వచ్చిన ఇంటెల్ ఐ5-13600కె. చివరనున్న ‘కె’ ఊరికే రాలేదుట. వేగం మనమే మార్చుకోవచ్చునని దాని అర్థమట.

లెక్క తేలికే. లోపలి గడియారం మూలవేగం 100 మెగాహెర్ట్జ్. దాన్ని 51తో హెచ్చవేస్తే 5.1 గిగాహెర్ట్జ్. కంపెనీవారు పెట్టిన గరిష్ఠవేగం అది. మావాడు 55 పెట్టాడు. ఆ వేగానికి చాలక వోల్టేజీ కూడా పెంచాడు. తిరకాసంతా ఇక్కడే! వేగం నూటికి పది పెంచితే వేడీ సుమారు పదే పెరుగుతుంది. వోల్టేజీ పది పెంచితే ఇరవయ్యొకటి! రెండూ కలిస్తే మూడోవంతు. పైగా బెజవాడలో మే నెల. ఫ్యాను విసిరేది ఆ వడగాలే గదా!

"5.5 చూశారా, నాన్నగారూ!" అన్నాడు.

పనిలేనప్పటి అంకె చూసి మురిస్తే ఎలా? బరువైన పని పెట్టమన్నాను. రెండు నిమిషాల్లో 100 డిగ్రీలు! అది దాని హద్దు. చిప్పు తనంతట తానే 4.8కి దిగిపోయింది. అనగా, పెంచకముందు కన్నా తక్కువ.

మావాడు ఒప్పుకుంటేనా! ఆ రాత్రి 55 అలాగే ఉంచి వోల్టేజీ మాత్రం దించాడు. వేడి తగ్గింది. కాని ఆ వోల్టేజీ ఆ వేగానికి చాలదు. నేను వ్యాసం రాస్తూండగా కంప్యూటరు కొయ్యబారిపోయింది. నాలుగు పేజీలు హరీ!

మర్నాడు చడీచప్పుడు లేకుండా 51కి దించాడు. ఇప్పుడెంత పని పెట్టినా 88 డిగ్రీలు, 5.1 కదలడం లేదు. ఆ నాలుగు పేజీలూ మావాడే టైపు చేస్తున్నాడు, నేను చెబుతూంటే.