సదర్‌మాట్ కాలువ వెంట సైకిలెక్కండి

షుగరు, బీపీ ఉన్నవారికి నడక చెబితే ‘మోకాళ్లు గుంజుతున్నయ్ సార్’ అంటారు. మరి సైకిల్? నవ్వేస్తారు. అది బడిపిల్లలదనో, బండి కొనలేనివారిదనో మనకో చిన్నచూపు.

ఫ్రాన్స్‌లో లువార్ నది వెంట దాదాపు 900 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది. అందులో చాలా భాగం రద్దీ లేని పల్లె రోడ్లే. మన ఖానాపూర్‌కూ గోదావరి ఉంది. సదర్‌మాట్ ఆనకట్ట, దాని కాలువ, పొలాల మధ్య ఊరి దారులున్నాయి. నిర్మల్ రోడ్డు మీద లారీల పక్కన తొక్కమని మాత్రం నేను చెప్పను.

సైకిల్‌పై ఒంటి బరువును చాలావరకు సీటే మోస్తుంది. అందుకే మోకాళ్లు అరిగినవారిలో చాలామందికి నడక కన్నా ఇదే తేలిక. పెడల్ కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగానే వంగేలా సీటు ఎత్తు పెట్టించుకోండి. మనవాళ్లు దాన్ని అడుగుకు దించేస్తారు, ఆపై నొప్పంటారు! గేర్ల సైకిల్ అక్కర్లేదు, పాతదైనా బ్రేకులు పడితే చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలంటోంది. అంటే అరగంట చొప్పున ఐదు రోజులు. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం సరిపోతుంది. ఇన్సులిన్ వాడేవారు జేబులో గ్లూకోజు పెట్టుకోండి. ఛాతీ బరువెక్కితే వెంటనే ఆగి ఆసుపత్రికి రండి. గుండెజబ్బు ఉన్నవారు ముందే డాక్టరును అడగాలి.

దారులను వెడల్పు చేయమని నాయకులను అడిగేవారు చాలామంది ఉన్నారు. ఆ కాలువ దారి గుంతలు పూడ్చమని కూడా ఒకసారి అడగండి.