ముందు నాలుకకు ఇలాజ్ చేయించండి

“ఇంత మోటాపా ఉంటే రిష్తా ఎక్కడ్నించి వస్తదే బేటీ?” అంటుంది ఫుప్పూ. వలీమాలో రెండోసారి వడ్డించుకుంటే ఖాలూ కనుబొమ్మలు ఎగరేస్తాడు. అందరూ నవ్వుతారు. ఆ పిల్లా నవ్వుతుంది. రాత్రి అందరూ పడుకున్నాక చప్పుడు కాకుండా ఫ్రిజ్ తీసి తింటుంది. ఆ తిండికి ఆకలితో తాల్లుఖ్ లేదు. అది షరంతో తినే తిండి.

ఇప్పుడు అదే ఖాందాన్ ఆ పిల్లను హిప్నాసిస్‌కు తీసుకెళ్తానంటోంది. నాలుగు సిట్టింగుల్లో కిలోలకు కిలోలు గాయబ్ అనే ఇష్తిహార్ ఫోన్‌లో చూశారు మరి. “అదంతా జాదూ, దిమాగ్ కబ్జా చేస్తారు” అని నానీమాకు ఖౌఫ్. ఆ ఆశా గలతే, ఈ ఖౌఫూ గలతే.

హిప్నాసిస్ నిద్ర కాదు, జాదూ అసలే కాదు. మనిషి హోష్‌లోనే ఉంటారు. ఊపిరి నెమ్మదిస్తుంది, ధ్యాస ఒకచోట నిలుస్తుంది. అప్పుడు తనకు మేలు చేసే మాటను, తన మర్జీతో, దిల్‌లోకి దింపుకుంటారు.

వజన్ తగ్గుతుందా? 1995లో ఇర్వింగ్ కిర్ష్, ఆయన సహచరులు పాత పరిశోధనలన్నీ కలిపి లెక్కగట్టి, మానసిక చికిత్సకు హిప్నాసిస్ తోడైతే ఫాయిదా బాగా పెరుగుతుందన్నారు. మరుసటి ఏడాదే ఆలిసన్, ఫెయిత్ ఆ లెక్కలు తిరగేస్తే, ఫాయిదా చాలా చిన్నదని తేలింది. 2018లో ఇటలీ పరిశోధకులు తీవ్ర స్థూలకాయం ఉన్న 120 మందికి ఆహార, వ్యాయామ సలహాలిచ్చి, సగంమందికి సెల్ఫ్ హిప్నాసిస్ కూడా నేర్పారు. ఏడాది తర్వాత రెండు జట్ల వజన్‌లో చెప్పుకోదగ్గ ఫరఖ్ లేదు. కానీ నేర్చుకున్నవాళ్లలో కడుపు నిండిన తృప్తి, జీవితంపై ఇత్మినాన్ మెరుగయ్యాయి.

కిలోలు తగ్గకపోతే ఇలాజ్ బేకార్ అనేవాళ్లతోనే నా ఝగడా. ఇత్మినాన్ చిన్న విషయమా? ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం మహిళలది అధిక బరువో స్థూలకాయమో. వీళ్లంతా కాహిల్‌లేనా? థైరాయిడ్, పీసీఓఎస్, కొన్ని మందులు, నిద్రలేమి, వంశం... ఇవేవీ మీ తానాలకు లొంగవు.

సూరె హుజురాత్ ఎగతాళినీ, చెడ్డ పేర్లు పెట్టడాన్నీ మనా చేసింది. దాన్ని తిలావత్ చేసే ఇళ్లలోనే ‘మోటీ’ ముద్దుపేరైంది! భరోసా ఉన్న మనిషి నోట పదేపదే విన్న మాట దిల్‌లో పాతుకుపోతుంది. ఆ లెక్కన మన ప్రతి ఇంట్లోనూ ఒక హిప్నాటిస్టు ఉన్నాడు, ఉల్టా పాఠం చెప్పేవాడు. సైకాలజిస్టు గంటసేపు “నీ బదన్ నీ దుష్మన్ కాదు” అని చెప్తే, మిగతా ఇరవై మూడు గంటలు మీరు దాన్ని చెరిపేస్తే, ఏ ఇలాజ్ నిలుస్తుంది?

ముందు డాక్టర్‌కు చూపించండి. హిప్నాసిస్ కావాలంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టును అడగండి. మందుతోనో తావీజుతోనో మోటాపా పోగొడతామనే ఇష్తిహార్లను 1954 నాటి చట్టమే నిషేధించింది. కిలోల వాదా చేసే హిప్నాటిస్టునూ అదే నజర్‌తో చూడండి. అన్నిటికన్నా ముందు ఆ పిల్ల మర్జీ అడగండి. వద్దంటే వదిలేయండి.

ఫీజు కట్టేలోపు ఒక్క నెలపాటు ఆమె బదన్ గురించి ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదని తయ్ చేసుకోండి. దీనికి ఖర్చు లేదు. నిలబెట్టుకోవడమే ముష్కిల్.